గెలిచిన జట్లు వెళ్లిపోయిన ఊరు

హైదరాబాద్ తరఫున ఆడి, కప్పు గెలిచి, గెలిచిన మూడేళ్లకే లేకుండా పోయిన జట్లు రెండున్నాయి. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్‌ను 2012లో రద్దు చేశారు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. ఆ రెండు కప్పుల్లో ఒక్కటీ ఈ ఊళ్లో గెలిచింది కాదు. మొదటిది జొహానెస్‌బర్గ్‌లో, రెండోది గోవాలో.

ఈ విషయంలో నాకూ మా మేనమామకూ ఎప్పుడూ కుదరదు. ఆయన ఎనభైల్లో స్పోర్ట్స్ కోటాలో బ్యాంకు ఉద్యోగం సంపాదించి, ఆ బ్యాంకు ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన మనిషి. ఉండేది తిరుమలగిరిలో. నేను హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానిని. ఇప్పుడు ఏ జట్టుకూ కాను. నాలాంటివాళ్లు ఎందుకు వెనక్కి తగ్గుతున్నారన్నదే మా తగువు. ఈమధ్య ఒక ఆదివారం అది ఎటు తిరిగి ఎటు వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

మామ: తగ్గుతున్నారని ఎవరు చెప్పారు? ఐపీఎల్ అయిదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. అంతకుముందు అయిదేళ్లకు వచ్చింది 16,347 కోట్లు. చూసేవాళ్లు లేకపోతే అంత డబ్బు ఎవరు పెడతారు? 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం జింఖానా గ్రౌండ్ దగ్గర తొక్కిసలాటే జరిగింది. ఆసక్తి పోయిన ఊళ్లో అలా జరుగుతుందా బిడ్డా?

నేను: చూడటం పోయిందని నేను అనట్లేదు మామా. చూస్తున్నారు, అరుస్తున్నారు, ఇంటికొచ్చి మర్చిపోతున్నారు. జట్టు ఓడితే రాత్రి అన్నం సహించకపోవడం ఉంటుంది చూడు, అది పోయింది. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్ వార్నర్. 2021లో సీజన్ మధ్యలోనే కెప్టెన్సీ తీసేశారు, తర్వాత జట్టులోంచే పక్కన పెట్టారు, మరుసటి ఏడాదికి ఢిల్లీ వాడయ్యాడు. రషీద్ ఖాన్ గుజరాత్ వాడయ్యాడు. మెగా వేలం వచ్చిందంటే పోయినవాడు పోగా మిగిలిందే జట్టు. నేను ఎవరి కోసం కూర్చోవాలి?

మామ: ఊరి కోసం.

నేను: ఏ ఊరి కోసం? 2025 ఏప్రిల్‌లో ఉప్పల్‌లో సన్‌రైజర్స్‌కూ గుజరాత్‌కూ మ్యాచ్. మనవాళ్ల నడ్డి విరిచింది ఎవరు? సిరాజ్. 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. ఈ గల్లీల్లో టెన్నిస్ బాలుతో బౌలింగ్ నేర్చుకున్న పిల్లాడు, సొంత ఊరి మైదానంలో, గుజరాత్ చొక్కా వేసుకుని హైదరాబాద్ పేరున్న జట్టును పడగొట్టాడు. అతనికి చప్పట్లు కొట్టాలా, కొట్టకూడదా? తిలక్ వర్మ ముంబై తరఫున వచ్చినప్పుడూ ఇదే గొడవ. ఊరి మీద ప్రేమ ఒకవైపు, ఊరి పేరు ఇంకోవైపు ఉంటే మనిషి ఎటు నిలబడాలి?

మామ: నువ్వు అడిగేది నీ వైపు నుంచి. సిరాజ్ వైపు నుంచి ఎప్పుడైనా ఆలోచించావా? వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు. 2017 వేలంలో ఆ పిల్లాడికి 2 కోట్ల 60 లక్షలు పలికింది. ఆ వేలం, ఈ ఫ్రాంచైజీలు, నువ్వు వద్దంటున్న ఈ సంత అంతా లేకపోతే అతను ఏమయ్యేవాడు? నేను చెప్తాను. నాలా అయ్యేవాడు. పొద్దున ప్రాక్టీసు, పదింటికి క్యాష్ కౌంటర్, సాయంత్రం మళ్లీ గ్రౌండు. టోర్నమెంటు ఉంటే మేనేజరు దగ్గర సెలవు అడుక్కోవాలి, ఆయన మొహం చిట్లించుకుని సంతకం పెట్టాలి. బంతి ఆపబోయి వేలు విరిగితే ఎడమ చేత్తో నోట్లు లెక్కపెట్టాను. నాతో ఆడినవాళ్లలో నాకంటే ఎంతో గొప్పగా ఆడినవాళ్లున్నారు, ఏ కోటాలోనూ ఉద్యోగం దొరక్క ఆట వదిలేశారు. వాళ్ల కోసం ఏ అభిమాని ఏడ్చాడు? డబ్బు వచ్చాక ఆట పాడైందని అనేవాళ్లకు డబ్బు లేని ఆట ఎలా ఉంటుందో తెలియదు.

ఆ మాట అన్నప్పుడు ఆయన కుడి చేతి చూపుడు వేలు చూపించాడు. పై కణుపు దగ్గర అది ఇప్పటికీ పక్కకు వంగే ఉంటుంది, పూర్తిగా ముడుచుకోదు. మా తగువులో ఆయన పక్షాన ఉన్న బలం అంతా ఆ వేలిలో ఉంది. ఆటగాడి కూలీ గురించి మాట్లాడే హక్కు ఆయనకున్నంత నాకు లేదు. అందుకే నేను అక్కడ వాదించను. కానీ నేను అడిగేది కూలీ గురించి కాదు.

మామ: ఇంకోటి విను. 2025 ఆగస్టు 4, సోమవారం. ఓవల్‌లో ఇంగ్లండ్‌కు ఇంకా 35 పరుగులు కావాలి, మనకు నాలుగు వికెట్లు కావాలి. వోక్స్ భుజం జారి, చెయ్యి స్వెటర్ లోపల కట్టేసుకుని బ్యాటింగ్‌కు వచ్చాడు. సిరాజ్ ఆట్కిన్సన్‌కు యార్కర్ వేసి స్టంప్ ఎగరగొట్టాడు. ఆరు పరుగులతో గెలిచాం. పనిదినం, ఆఫీసు టైము, అయిదో రోజు టెస్టు. దేశమంతా పని ఆపి ఫోన్లు పట్టుకుంది. నువ్వూ నాకు ఫోన్ చేసి మాట రాక ఉండిపోయావు. ఇంక ఆసక్తి ఎక్కడ పోయింది?

నేను: నా వాదన నువ్వే చెప్తున్నావు మామా. అది దేశం జట్టు. అందులోంచి ఒకడు పోతాడు, ఇంకొకడు వస్తాడు, కానీ జట్టును ఎవరూ మూటగట్టుకుని ఇంకో దేశానికి పట్టుకుపోలేరు. ఆ ధైర్యం ఉంది కాబట్టి సోమవారం మధ్యాహ్నం పని పక్కన పెట్టి కూర్చున్నాం. గుండె పెట్టడానికి అది చోటు. హైదరాబాద్ ఎఫ్‌సీ మీద కూడా నేను అలాగే పెట్టాను. ఆ ఫైనల్ నువ్వూ నాతోనే చూశావు కదా.

2022 మార్చి 20. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. ఫతోర్దా స్టేడియం నిండా వాళ్ల పసుపు చొక్కాలే. మనదీ పసుపే, నలుపు కలిసిన పసుపు, కానీ మనవాళ్లు ఓ మూల ఎక్కడో ఉన్నారు. 68వ నిమిషంలో రాహుల్ గోలు కొట్టాడు. ఇక అయిపోయిందని మామ లేచి మంచినీళ్లకు వెళ్లాడు. 88వ నిమిషంలో పెనాల్టీ ఏరియా బయట పడబోతున్న బంతిని సాహిల్ తవోరా నేల తాకనివ్వకుండా కొట్టాడు. అది గోల్‌కీపర్‌ను దాటి మూలకు దూరింది. 1–1. అదనపు సమయంలో కూడా తేలలేదు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ప్రతిసారీ మామ సోఫాలో అటువైపే ఒరిగాడు, తానే దూకుతున్నట్టు. మూడోది ఆపినప్పుడు ఆయన ఏడ్చాడు. తాను అంత స్థాయిలో ఆడలేకపోయినందుకు కాదట, హైదరాబాద్ పేరు మళ్లీ ఫుట్‌బాల్‌లో వినబడినందుకట.

నేను: ఆ తర్వాతి సీజన్లో మొదటిసారి చాంపియన్‌గా గచ్చిబౌలికి వచ్చారు. లీగులో రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్ మీద పెనాల్టీల్లో ఓటమి. ఆపై ఏడాది ఏమైంది? జీతాలు అందలేదు. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. విదేశీయులు వెళ్లిపోయారు, మన పెద్ద ఆటగాళ్లూ వెళ్లిపోయారు. కుర్రాళ్లను దించారు. 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. ఆ కుర్రాళ్ల మ్యాచ్‌లకు కూడా వెళ్లాను నేను. గోల్‌కీపర్ డిఫెండర్లను పేరు పెట్టి పిలిచే పిలుపు స్టాండ్స్‌లో కూర్చున్న మాకు స్పష్టంగా వినబడేది, అంత తక్కువమంది ఉన్నాం. యాజమాన్యం మారింది. మరో ఏడాది ఈడ్చింది. ఆ తర్వాత జట్టు ఢిల్లీకి. నువ్వు డబ్బు గొప్పతనం చెప్పావు, ఆ కుర్రాళ్ల జీతం సంగతి ఏమిటి? వృత్తి ఆట అని పేరు పెట్టి, చేసిన పనికి డబ్బివ్వకపోతే అది నీ క్యాష్ కౌంటర్ కంటే ఏం మెరుగు?

మామ: మెరుగు కాదు. ఒప్పుకుంటాను. నాకు ఒకటో తారీకు జీతం తప్పలేదు. కానీ నువ్వే అన్నావు, అంత తక్కువమంది ఉన్నామని. చాంపియన్లుగా వచ్చిన ఏడాది కూడా ఆ స్టేడియం ఎన్నడైనా నిండిందా? కొచ్చిలో చూడు, కోల్‌కతాలో చూడు. ఇక్కడ రావలసినవాళ్లు రాలేదు. టికెట్ డబ్బు లేదు, స్పాన్సర్ రాడు, టీవీ వాటా చాలదు. యజమాని ఎన్నాళ్లు చేతినుంచి పెట్టుకుంటాడు? లీగు హక్కుల ఒప్పందం 15 ఏళ్లు నడిచి 2025 డిసెంబరుతో ముగిసిపోతుంటే, కొత్తగా నడపడానికి ఫెడరేషన్ టెండరు పిలిస్తే ఒక్కరు కూడా రాలేదు. ఒక్కరు! అభిమాని జట్టును వదిలేశాడా, జట్టు అభిమానిని వదిలేసిందా? ముందు ఏది జరిగింది?

నేను: జట్టు పుట్టింది 2019లో. మొదటి ఏడాది అట్టడుగున నిలిచింది. తర్వాతి రెండు సీజన్లు కరోనా వల్ల మొత్తం గోవాలోనే. అంటే కప్పు గెలిచేనాటికి ఈ ఊరు ఆ జట్టును కళ్లారా చూసింది ఒక్క సీజన్, అదీ ఓడిపోతున్న సీజన్. ఇంట్లో పుట్టిన బిడ్డతో బంధం పెరగడానికి కూడా రోజులు పడతాయి. అలాంటిది, గోవా నుంచి తిరిగొచ్చిన రెండో ఏటే జీతాలు ఆపేసి, రాలేదేమని జనాన్ని అడుగుతారా? డెక్కన్ ఛార్జర్స్ కూడా అంతే. గెలిచిన ఏడాది ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు పోయింది. గిల్‌క్రిస్ట్ కప్పు ఎత్తినప్పుడు ఆరు పరుగుల తేడాతో గెలిచామని మనం టీవీలో చూశాం. దాన్ని మనది అనుకోవడం మొదలుపెట్టేలోపే రద్దు. రెండుసార్లు దెబ్బతిన్నవాడు మూడోసారి జాగ్రత్తపడితే అది ఆసక్తి లేకపోవడం కాదు మామా.

మామ: మరి పోలీసు జట్టు?

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. తిరుమలగిరిలో పుట్టిపెరిగినవాళ్లతో ఫుట్‌బాల్ గురించి మాట్లాడితే ఎప్పుడో ఒకప్పుడు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు దగ్గరికే వస్తారు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఈ జట్టుదే. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపిందీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెప్పించిందీ ఆయనే. ఆ జకార్తా జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం మామ ఇంటికి దగ్గర్లోని అమ్ముగూడ వాడు.

మామ: ఆ జట్టును ఎవరూ వేలం వెయ్యలేదు. ఎవరూ ఢిల్లీ పట్టుకుపోలేదు. ఏ కంపెనీ దాన్ని కొనలేదు. మరి అదెందుకు వాడిపోయింది? బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు, ఇక తిరిగి రాలేదు. కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలోనే ఉండిపోయాడు, 2023లో కోల్‌కతాలో పోయాడు. 1963లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఆయన తర్వాత పిల్లల్ని తయారుచేసేవాళ్లు లేరు, లీగును పట్టించుకున్నవాళ్లు లేరు. నేను ఆడేనాటికే స్టాండ్స్ ఖాళీ. ఆటగాళ్ల చుట్టాలు, బ్యాంకు యూనియన్ వాళ్లు, అంతే. ఫ్రాంచైజీలు పుట్టకముందే ఈ ఊరు ఫుట్‌బాల్‌ను మర్చిపోయింది. ఆ తప్పు ఎవరి మీద వేస్తావ్?

దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. మామ చెప్పినదాంట్లో చాలా భాగం నిజం. ఆటగాళ్లు పోవడం కొత్త కాదు, డబ్బున్న ఊరికి పోవడం అసలే కొత్త కాదు. నాకు తోచినంతలో చెప్పాను.

నేను: బలరాం వెళ్లినా పోలీసు జట్టు ఇక్కడే ఉంది. 1957లో మళ్లీ రోవర్స్ గెలిచింది. ఆటగాడు పోతే అభిమాని బాధపడతాడు, కానీ జట్టు ఉంటే ఇంకో కుర్రాడి కోసం ఎదురుచూస్తాడు. అది వాడిపోయింది, నిజమే. పోషణ లేక. నాది వాడిపోలేదు, పెకలించుకుపోయారు.

మామ: అయితే నాటుకో మళ్లీ! లండన్‌లో వింబుల్డన్ ఫుట్‌బాల్ జట్టును ఇంకో ఊరికి తరలించడానికి 2002లో అనుమతిచ్చారు. అక్కడి అభిమానులు ఏం చేశారు? వేడుకున్నారు, కుదరలేదు. వెంటనే సొంత జట్టు పెట్టుకున్నారు. బహిరంగ మైదానంలో ఎవరైనా రావచ్చని సెలక్షన్లు పెట్టి, బాగా కింది లీగులో మొదలుపెట్టి, 2011కల్లా ఫుట్‌బాల్ లీగులోకి తిరిగొచ్చారు. ఆ క్లబ్బు ఇప్పటికీ అభిమానుల చేతిలోనే ఉంది. నువ్వేం చేశావు? ఫోన్లో మ్యాచ్‌లు చూసే యాప్ తీసేశావు. పోయిన శీతాకాలం ఈ ఊళ్లో లీగు మ్యాచ్ ఒక్కటైనా చూశావా? నీకు పెద్ద పేరు కావాలి బిడ్డా. ఆట అక్కర్లేదు.

నేను: ఆ మాట అన్యాయం మామా. వింబుల్డన్ క్లబ్బు మూలాలు 1889లో ఉన్నాయి. తాతలు, తండ్రులు, మనవలు చూసిన జట్టు అది. చిత్రం చూడు, మోహన్ బగాన్ కూడా 1889లోనే పుట్టింది. 2020లో దాన్ని ఏటీకే అనే ఇంకో జట్టుతో కలిపి ముందు ఆ పేరు తగిలిస్తే కోల్‌కతా అభిమానులు ఊరుకోలేదు. బ్యానర్లు పట్టారు, మ్యాచ్‌లకు రావడం మానేశారు. 2023లో కప్పు గెలిచిన రాత్రి యజమానే ఆ పేరు తీసేస్తున్నానని ప్రకటించాల్సి వచ్చింది. ఎందుకు వినాల్సి వచ్చింది? మోహన్ బగాన్ అన్న పేరు తనకంటే పాతది కాబట్టి. మాకు ఆ బలం ఎక్కడిది? మా పేరు యజమాని పెట్టాడు, యజమాని తీసేశాడు.

మామ: మరి కొత్త జట్టుకు వందేళ్లు నేనెక్కణ్ణుంచి తేవాలి?

నేను: తేనక్కర్లేదు. పేరు ఊరికి రాసివ్వమను, చాలు. అమెరికాలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ యజమాని జట్టును బాల్టిమోర్‌కు తీసుకుపోతానన్నప్పుడు ఆ ఊరు కోర్టుకెక్కింది. 1996లో ఒప్పందం కుదిరింది. ఆటగాళ్లను తీసుకుపో, ఒప్పందాలు తీసుకుపో. బ్రౌన్స్ అన్న పేరు, రంగులు, ఇన్నేళ్ల రికార్డులు మాత్రం ఇక్కడే ఉంటాయి. వాళ్లు బాల్టిమోర్‌లో వేరే పేరుతో ఆడారు. 1999లో క్లీవ్‌లాండ్‌లో కొత్త జట్టు పాత పేరుతో, పాత చరిత్రతో మొదలైంది. హైదరాబాద్ పేరు వాడుకునే ఏ కంపెనీ అయినా ముందే ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. పోతే పేరు, పసుపు నలుపు రంగులు, 2022 కప్పు ఇక్కడే వదిలి పోవాలి. అప్పుడు నేను మళ్లీ జట్టు పట్టుకుంటాను. పోయినా నాకు మిగిలేది ఏదో ఒకటి ఉంటుందని తెలిసి పట్టుకుంటాను.

మామ కాసేపు ఆలోచించాడు. ఆయనకు ఈ మాట నచ్చిందని నాకనిపించింది, కానీ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి ఆయన చెప్పిన కారణం మాత్రం గట్టిదే.

మామ: రాసిచ్చారనుకో. ఎవరికి? రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘానికా? కార్పొరేషన్‌కా? ఏళ్లూపూళ్లూ లీగును సరిగ్గా నడపనివాళ్ల బీరువాలో ఆ పేరు పెడితే ఏమొస్తుంది?

నేను: అభిమానుల సొసైటీకి. స్టాండ్స్‌లో డప్పులు కొట్టిన డెక్కన్ లీజియన్ పిల్లలకు. ఏటా రుసుము కట్టి, ఓటు వేసి, లెక్కలు చూపించుకునే సొసైటీకి.

మామ: జట్టు లేని ఏడాది రుసుము ఎవరు కడతారు? మా యూనియన్‌లో పదవీ విరమణ చేసినవాళ్ల చందా వసూలు చేసినవాణ్ణి నేను. రెండో ఏడుకు సగం మంది ఫోన్ ఎత్తరు. నువ్వు పేరు దగ్గర మొదలుపెడుతున్నావు, నేను పిల్లల దగ్గర మొదలుపెట్టమంటున్నాను. ఆ సొసైటీ అమ్ముగూడలో పదమూడేళ్లలోపు పిల్లల జట్టు ఒకటి నడపనీ. ఆ పిల్లల అమ్మానాన్నలు చందా కడతారు, మ్యాచ్‌కు వస్తారు, గొడవపడతారు. పేరు అప్పుడు నిలబడుతుంది.

నేను: పిల్లలకు గ్రౌండు?

మామ: అదీ అడగాల్సింది. ఇక్కడ ఖాళీగా కనబడే మైదానం ప్రతిదీ మిలిటరీది. మిగిలినవి గంటకు ఇంతని అద్దెకిచ్చే టర్ఫులు. మేం ఆడిన రెండు గ్రౌండ్లలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి. నీ కాగితంలో పేరుతోపాటు గ్రౌండు సంగతి కూడా రాయించు. ఊరి పేరు కావాలన్న కంపెనీ ఊళ్లో పిల్లలు ఆడటానికి ఒక మైదానం చూపించి, ఆ తర్వాత పేరు అడగాలి.

నేను: రెండూ రాయిస్తాను. కానీ పేరు మొదటి పేరాలో ఉంటుంది.

మామ: రెండో పేరాలో.